ఎడమచెయ్యి ఎక్కడుంది?

కుడి మణికట్టు ఆపరేషన్ కట్టు విప్పిన రోజున డాక్టరు ఓక్‌బున్‌తో, ఇక చేతికత్తెర పట్టుకోవద్దని చెప్పాడు. చెప్పడం ఆయనకు తేలికే. ఆపిల్ తోటల ఊళ్లో, చలికాలం నడుమ, అరవై దాటిన ఆడమనిషితో ఆ మాట అనడం దుక్కి రోజుల్లో ఎద్దుల్ని అమ్ముకోమనడంలాంటిది.

సోత్‌గోల్ లోయలో కొమ్మలు కత్తిరించే పని ఎవరికి వారు చేసుకునేది కాదు. నలుగురు కలిసి జట్టు కడతారు. ఈవేళ నీ తోట, ఎల్లుండి నా తోట. కూలి ఊసుండదు, పనికి పని బదులు. అన్నం మాత్రం ఎవరి తోటలో చేస్తే వాళ్లు పెట్టాలి. ఓక్‌బున్ జట్టుకు ఆమె పెద్ద తోడికోడలు హ్వాజా పెద్ద. పక్కింటి జొమ్‌రే అవ్వకు డెబ్బై దాటినా నిచ్చెన మీద పిచ్చుకలా నిలుస్తుంది. నాలుగోది మిర్యోంగ్. పట్నంలో ఉద్యోగం మానుకుని మొగుడితో వచ్చి తోట పెట్టింది. నలభై దాటినా ఈ ముగ్గురికీ ఆమె చిన్నపిల్లే.

నిరుడు హ్వాజా, జొమ్‌రే అవ్వ, మిర్యోంగ్ ముగ్గురూ బ్యాటరీ కత్తెరలు కొన్నారు. ఓక్‌బున్ ఒక్కతే పాత చేతికత్తెరతో వెనకబడుతూ వచ్చింది. ఆ వెనకబాటు మాట కొత్త సంవత్సరం నాడు పెద్దల పూజకు వంటలు చేస్తున్నప్పుడు బయటికొచ్చింది. హ్వాజా పెనం మీద చేపముక్కలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమే, ఈ ఏడాదీ ఆ తుప్పు కత్తెరేనా?"

"డాక్టరు వద్దన్నాడక్కా. బ్యాటరీది కొంటా."

"కొను. కొన్నాక మాతో సమానంగా నడవాలి మరి. నీ తోటలో మేం ఒళ్లొంచి చేసి, మా తోటల్లో నువ్వు చీమలా పాకితే అది బదులు పనవుతుందా? దానం అవుతుంది."

"నడుస్తాలే."

"నడవకపోతే ముందే చెబుతున్నా, మనసులో పెట్టుకోకు. కిందింటివాళ్ల కోడలు జట్టులోకి వస్తానని నా చుట్టూ తిరుగుతోంది."

ఓక్‌బున్ ముల్లంగి తరగడం పూర్తి చేసింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. జట్టు పోతే ఆ తోట ఒంటిచేత్తో అయ్యేది కాదు. మొగుడు జేమాన్ పట్నంలో బస్సుల షెడ్డు దగ్గర కాపలా. చెట్టు పని చేద్దామన్నా, నిచ్చెన రెండో మెట్టెక్కితే కళ్లు తిరుగుతాయాయనకి. మొగ్గలు ఉబ్బేలోగా కత్తిరించకపోతే చెట్లు ఆకు వేసి ఊరుకుంటాయి, కాయ కట్టవు. రెండేళ్లు అలా పోతే పీకించి నేల కౌలుకివ్వాల్సిందే. ఆ చెట్లన్నీ ఆమె చేత్తో అంటు కట్టినవి.

పట్నంలో పనిముట్ల కొట్టు ప్యో అనే అతనిది. అతను కత్తెర ఆమె చేతికివ్వకుండా ముందు తనే పట్టుకుని, అన్నం తినే కర్రపుల్ల ఒకటి తెచ్చి దాని నోట్లో పెట్టాడు. టక్కుమంది. పుల్ల ముక్క ఎగిరి గల్లాపెట్టె మీద పడింది.

"చూశారా అమ్మా? మీట రెండుసార్లు నొక్కితే మేలుకుంటుంది. ఆ తరవాత నొక్కినప్పుడల్లా కొరుకుతుంది. కొమ్మా, వేలా అని అడగదు."

"కొడవలి మాత్రం అడుగుతుందా?"

"కొడవలి మీరు ఊపితేనే కదా తెగేది. గడ్డికోత ఇంజనుకైతే మోతుంటుంది, మోత ఆగితే అది చచ్చినట్టు. దీనికి మోతా లేదు, తీగా లేదు. ఊరికే ఉన్నట్టే ఉంటుంది. బ్యాటరీ ఊడదీసేదాకా ప్రాణం ఉందనే అనుకోండి. బంక తుడవాలన్నా, బెరడు ఇరుక్కున్నా ముందు బ్యాటరీ తియ్యండి. చెట్టు మారేటప్పుడు మూసి, ఆపి నడవండి."

"సరే."

"ఇంకొకటి, ఎడమచెయ్యి."

"నా ఎడమచేతికేం, బాగానే ఉంది. ఆపరేషన్ కుడిదానికి."

"బాగానే ఉండాలనే చెబుతున్నా. కత్తెర దగ్గరికి రానివ్వకండి. జానెడు చాలదు, మూరెడు దూరం. ఇంకా, చలికి బ్యాటరీ నీరసపడుతుంది. అలాగని వేడిగచ్చు మీద దుప్పటి కింద దాచకండి. అన్నం గిన్నె కాదది."

ఓక్‌బున్ నవ్వి తలూపింది. మర్నాటి సాయంత్రం మంచు బాగా పడింది. పొద్దున్నే పని, బ్యాటరీ చూస్తే ఇనపముక్కలా చల్లగా ఉంది. ఆలస్యంగా వచ్చే మొగుడికి అన్నం గిన్నె పెట్టే చోటే, కిందనుంచి వేడి పారే గచ్చు బాగా కాలే మూలన, దుప్పటి కింద దాన్నీ పెట్టేసింది. చేతులు వాటంతటవే పెట్టేశాయి. జేమాన్ వచ్చి, కాళ్లు బార్లా చాపి, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చాడు.

"ఏమేవ్, అన్నం గడ్డకట్టిందేంటి? గిన్నెకు మూత కూడా రావట్లేదు."

"అయ్యో, అది ముట్టుకోకు!" అని ఓక్‌బున్ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

బ్యాటరీ ఒళ్లు కాలిపోతోంది. దాన్ని గడప దగ్గర రాతిపలక మీద పెట్టి, చల్లారేదాకా ఇద్దరూ దూరంగా కూర్చున్నారు. దుప్పటికి ఏమీ కాలేదు. జేమాన్ అసలు అన్నం తింటూ, "ఇకమీదట నన్ను ఆకలితో చంపు గానీ ఇల్లు తగలబెట్టకు" అన్నాడు. అప్పటినుంచీ ఓక్‌బున్ పని ఉన్న పొద్దుల్లో బ్యాటరీని రవిక మీద వేసుకునే దూదికోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్లింది. ఒంటి వెచ్చదనం దానికి సరిపోయింది.

మొదటి విడత హ్వాజా తోట. ఎండపొడ తగలని పక్క మంచు ఇంకా కరగలేదు. నలుగురూ నాలుగు వరసలు పట్టారు. ఓక్‌బున్ ఎడమచేతిని నడుముకి కట్టుకున్న గుడ్డలో దోపుకుని, కుడిచేత్తో కత్తెర పట్టింది. పట్టుకునే చెయ్యి లేక కొమ్మ కదిలిపోయేది. కత్తెర దాని వెంట పోవాల్సి వచ్చింది. రెండు చెట్లకే మెడ పట్టేసింది.

ఆమెను కష్టపెట్టింది కత్తెర కాదు, నేర్చిన పని. ఈ లోయలో పిల్లలకు కత్తిరింపు నేర్పేటప్పుడు మొట్టమొదట నేర్పేది ఎడమ బొటనవేలి గురించే. బయటికి చూసే మొగ్గను వెతుకు, దాని మీద బొటనవేలు పెట్టు, వేలికి పైన కొయ్యి. వేలు ఉంటే మొగ్గ దక్కుతుంది, వచ్చే ఏడు కొమ్మ ఎటు సాగాలో అటే సాగుతుంది. ఓక్‌బున్‌కు అత్తగారు నేర్పింది. అత్తగారికి వాళ్ల అత్తగారు. చేతికత్తెర నెమ్మదిగా మూసుకుంటుంది, వేలికి తగిలితే చెయ్యే ఆగుతుంది. అందుకని ఇన్నేళ్లూ బొటనవేలు పోయినవాళ్లెవరూ లేరు. ఇప్పుడు ఆ బొటనవేలిని మానిపించాలంటే నడక మానిపించినట్టుంది.

పక్క వరసలోంచి జొమ్‌రే అవ్వ తొంగి చూసింది.

"ఏమే పిల్లా, ఎడమచెయ్యి ఇంట్లో మరిచొచ్చావా? మీ ఆయన దాంతోనే గంజి తాగుతున్నాడా?"

"ఉందవ్వా. నడుం పట్టుకుంది."

"నడుం కింద పడిపోతుందనా?"

మిర్యోంగ్ ఫక్కున నవ్వింది. హ్వాజా నవ్వలేదు. ఆమె వరస అప్పటికే చాలా ముందుంది. ఆమె చెట్ల కింద కొమ్మలు వానలా రాలుతున్నాయి. మధ్యాహ్నం అన్నాల వేళ చిలగడదుంప ఒలుస్తూ, ఎవరి మొహం చూడకుండా అంది.

"ఇలాగైతే నా తోట మూడో రోజుకి పోతుంది. మూడో రోజు మీరొస్తే రేపు నేను మీకు మూడు రోజులివ్వాలి. లెక్క ఎక్కడికి పోతుంది?"

"కొత్త కదక్కా, రేపు చూడు" అంది ఓక్‌బున్.

"రేపు చూస్తా. నీ తోటకి రావాలో వద్దో కూడా రేపే చూస్తా."

మర్నాడు పొద్దున ఓక్‌బున్ ఎడమచేతిని బయటికి తీసింది. ఇంట్లో తన గ్లౌజులు ఆరలేదు, జేమాన్‌వి తొడుక్కొచ్చింది. ఎర్ర రబ్బరు పూసినవి, వేళ్ల చివర సగం ఖాళీగా వేలాడుతున్నాయి. కొమ్మ వంచింది, మొగ్గ మీద బొటనవేలు పెట్టింది, మీట నొక్కింది. టక్. ఇంకొకటి. టక్. ప్రాణం లేచొచ్చినట్టయింది. చెయ్యి తన దారి తాను వెతుక్కుంది. కొమ్మలు రాలుతున్నాయి, మణికట్టు నొప్పి లేదు, చలి తెలియలేదు. వరస సగానికి వచ్చేసరికి జొమ్‌రే అవ్వను దాటేసింది.

"అమ్మో, చీమకి రెక్కలొచ్చాయి!" అంది అవ్వ.

"చలికాలం కదవ్వా, రెక్కలొచ్చినా ఎగరదు" అని ఓక్‌బున్ అటు తిరిగి నవ్వుతూ మీట నొక్కింది.

టక్.

చప్పుడు ఎప్పటిలాంటిదే. కొమ్మ మాత్రం రాలలేదు. ఎడమచేతి వైపు చూసుకుంటే గ్లౌజు బొటనవేలికి చివర లేదు. ఎర్ర రబ్బరు ముక్క, గోరంత, కింద మంచు మీద పడి ఉంది. గ్లౌజులోంచి వేలు బయటికి తీసింది. గోటి అంచున సన్నని గీత ఉంది, రక్తం లేదు. మొగుడి గ్లౌజు పెద్దదైంది గనక సరిపోయింది. తన గ్లౌజులు ఆరి ఉంటే ఆ మంచు మీద పడేది రబ్బరు కాదు.

కత్తెర మూసింది. ఆపింది. బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకుంది. నిచ్చెన దిగి చెట్టు మొదలుకు ఆనుకుని నిలబడింది.

"ఏమైందే?" అని దూరంనుంచి హ్వాజా అరిచింది.

"బ్యాటరీ అయిపోయిందక్కా."

అబద్ధం నోటికి అలవాటు లేకపోయినా ఆ క్షణాన సులువుగానే వచ్చింది. నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రెండో రోజుకే వేలు కోసుకోబోయిన మనిషిని జట్టులో ఎవరుంచుకుంటారు? రబ్బరు ముక్కను బూటుతో మంచులోకి తొక్కింది. పనిముట్ల సంచిలోంచి నల్ల టేపు తీసి గ్లౌజు బొటనవేలికి చుట్టింది. బ్యాటరీ మార్చినట్టు అదే మళ్లీ తగిలించి నిచ్చెనెక్కింది. ఈసారి ఎడమచెయ్యి నిచ్చెన కమ్మిని పట్టుకుని కదలనంది. మధ్యాహ్నానికి జొమ్‌రే అవ్వ మళ్లీ ఆమెను దాటిపోయింది.

అన్నాలు తోట కొట్టంలో. నడుమ కట్టెల పొయ్యి, దాని మీద ముల్లంగి పులుసు. మంచుకి తడిసిన గ్లౌజులన్నీ పొయ్యి పక్కన తీగ మీద ఆరేశారు. హ్వాజా పులుసు పోస్తోంది, మిర్యోంగ్ పొట్లం కాఫీలు చించుతోంది. జొమ్‌రే అవ్వ చేతులు కాచుకుంటూ తీగ వైపే చూస్తోంది.

"ఇదెవరిది, నల్ల టేపుది?"

ఓక్‌బున్ చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. "నాదవ్వా. చిరిగితేను..."

"చిరిగితే నిలువునా చిరుగుతుంది గానీ, ఎలుక కొరికినట్టు గుండ్రంగా పోతుందా?" అవ్వ ఇంకాస్త ముందుకు వంగింది. "మరి ఈ నీలం టేపుది?"

నీలం టేపు గ్లౌజు హ్వాజాది. ఎడమచేతిదే. బొటనవేలికే.

"ముల్లు గుచ్చుకుంటే చుట్టా" అంది హ్వాజా.

"ఆపిల్ చెట్టుకి ముల్లా తల్లీ! కొత్త రకం వేశావా, మాకో అంటు ఇవ్వు."

"మరి నీదేదీ, చూపించు అవ్వా!" హ్వాజాకు కోపం వచ్చింది. లేచి తీగ మీదనుంచి అవ్వ గ్లౌజు లాగింది. దాని బొటనవేలికి టేపు లేదు. నీటుగా దారంతో కుట్టు వేసి ఉంది.

అందరూ మిర్యోంగ్ వైపు చూశారు. ఆమె గ్లౌజు కొత్తది, తెల్లగా మెరుస్తోంది.

"నాది... పాతది పారేశా" అంది మిర్యోంగ్. చెవులు ఎర్రబడ్డాయి. "పోయిన ఏడాదే. మా ఆయనకి తెలిస్తే కత్తెర పొయ్యిలో పెడతాడని."

మొదట నవ్వింది జొమ్‌రే అవ్వ. పళ్లు లేని నోరంతా తెరిచి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. మిర్యోంగ్‌కీ నవ్వొచ్చింది. హ్వాజా మాత్రం గరిటె పట్టుకుని నిలబడే ఉంది. ఓక్‌బున్‌కు నవ్వు రాలేదు. అంతమంది వేళ్లు వెంట్రుకవాసిలో తప్పాయని విన్నాక ఆమెకు భయం పోయి, ఇంకేదో వచ్చింది. గిన్నె పక్కన పెట్టింది.

"అక్కా, నాది ఈ పొద్దున్నే పోయింది. బ్యాటరీ అయిపోయిందన్నది అబద్ధం. ఇక నా వల్ల కాదు, మొగ్గ మీద వేలు పెట్టి మీట నొక్కలేను. వేలు పెట్టి చూస్తా, తీసేస్తా, చెయ్యి నిచ్చెన మీద పెట్టి అప్పుడు నొక్కుతా. దానికి ఆలస్యమవుతుంది. అయితే అవనీ. మీ ఒక్కొక్కరి తోటకీ ఇంకో పూట ఎక్కువొచ్చి చేస్తా. అలాగైతే ఉంచండి. లేదంటే కిందింటివాళ్ల కోడల్ని తీసుకోండి. తోట పోతే పోతుంది, వేలు పోగొట్టుకుని తోటేం చేసుకోను?"

ఇంత పొడుగు మాట ఓక్‌బున్ పెద్ద తోడికోడలి ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్లీ గిన్నె తీసుకుంది.

హ్వాజా గరిటె పులుసులో పెట్టింది. "పులుసు చల్లారుతోంది, తినండి" అంది. తిన్నారు. కాఫీలు తాగారు. ఎవరి గ్లౌజులు వాళ్లు తొడుక్కుని బయటికి నడిచారు.

మధ్యాహ్నం మళ్లీ చెట్లెక్కారు. ఓక్‌బున్ తన పద్ధతినే పట్టుకుంది. వేలితో మొగ్గ తడిమి, చెయ్యి వెనక్కి తీసుకుని, కమ్మి పట్టుకుని, నొక్కడం. చేతికందని కొమ్మను జొమ్‌రే అవ్వ కాయలు కోసే కొక్కెం కర్రతో వంచి ఇవ్వబోతే, "నువ్వు పట్టుకోకవ్వా, కర్ర నాకివ్వు, నీ చెయ్యి కూడా చెయ్యే" అంది. కర్రను కొమ్మకు తగిలించి, దాని మొదలు నిచ్చెన మెట్టుకు బిగించింది. కొమ్మ ఆగింది. అవ్వ తల గోక్కుంటూ చూసి, తన వరసలోకి వెళ్లి మరో కొక్కెం వెతుక్కుంది.

పొద్దు కొండ మీదికి ఒరిగే వేళకి, దూరపు వరసలోంచి హ్వాజా గొంతు వినిపించింది.

"ఓక్‌బున్! నీ ఎడమచెయ్యి ఎక్కడుంది?"

"నిచ్చెన మీదక్కా!"

ఓక్‌బున్‌కు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో గానీ తనూ అరిచింది. "మరి నీదెక్కడుందక్కా?"

అటు కత్తెర చప్పుడు ఆగింది. ఆ తరవాత, మూతి ముడుచుకుని అన్నట్టుగా, "ఇప్పుడే నడుం మీద పెట్టా" అని వినిపించింది. మిర్యోంగ్ తన చెట్టు మీదనుంచి, "నాది జేబులో ఉంది, ఎవరూ అడగట్లేదు!" అంది.

ఆ సాయంత్రం హ్వాజా తోట పూర్తి కాలేదు. మూడో రోజు కూడా వెళ్లారు. దాని గురించి హ్వాజా ఒక్క మాట అనలేదు. వరసల పంచాయితీ మానేసి, ఇద్దరేసి ఒక చెట్టుకు అటూ ఇటూ నిలబడేలా పని పంచింది. ఒకరి చెయ్యి ఇంకొకరు చూడొచ్చని కాబోలు. అలా అని మాత్రం చెప్పలేదు. "ఒంటరిగా ఉంటే అవ్వ సోది వినేవాళ్లు లేక ఎండిపోతోంది" అంది.

ఓక్‌బున్ తోట వంతు వచ్చిన పొద్దున ఆమె చీకటితోనే లేచి బియ్యం కడిగింది. వస్తారో రారో అన్న గుబులు ఇంకా పూర్తిగా పోలేదు. నలుగురికీ పొయ్యి మీద పెట్టింది గానీ, వాకిలి వైపు ఒక చెవి పెట్టే ఉంచింది. కుక్క మొరిగింది. ముందు జొమ్‌రే అవ్వ కొక్కెం కర్ర కనిపించింది, వెనక మిర్యోంగ్, ఆ వెనక హ్వాజా. హ్వాజా కోటు లోపలినుంచి బ్యాటరీ తీసి, అది వెచ్చగా ఉందో లేదో చెంపకు ఆనించి చూసుకుంది.

"ఏ చెట్టు ముందు? నీ తోట, నువ్వే చెప్పాలి."

ఓక్‌బున్ కొండ వైపు చివరి వరస చూపించింది. రెండు రోజులు చేశారు. రెండో సాయంత్రం వెలుగు తగ్గేసరికి కింది రెండు వరసలు అలాగే మిగిలాయి. హ్వాజా కత్తెరలోంచి బ్యాటరీ ఊడదీసి, గుడ్డతో కత్తి మీది బంక తుడిచి, ఆ రెండు వరసల్నీ ఓసారి పై నుంచి కింది దాకా చూసింది.

"రేపు ఏం వండుతున్నావు?" అంది హ్వాజా.

"ఏం కావాలక్కా?"

"ముల్లంగి పులుసు తప్ప ఏదైనా సరే. మూడు తోటలనుంచీ అదే తాగుతున్నాం."

"నాకు మాత్రం బియ్యం కల్లు కూడా" అంది జొమ్‌రే అవ్వ.

"కల్లు సాయంత్రం. కత్తెరలన్నీ సంచిలోకి పోయాక" అంది హ్వాజా.

వాళ్లు వెళ్లాక, రేపు ముల్లంగికి బదులు వండేందుకు ఓక్‌బున్ గిన్నె నిండా సోయా గింజలు కొలిచి నానబోసింది.